పలుకులో పట్టింపులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

రోజూ వాడే మాటలను ఎదుటివారు పలికే తీరులో మీ చెవికి గుచ్చుకునేవి ఏమిటో రాయమని గత సంచికలో అడిగాం. హైదరాబాద్ నలుమూలల నుంచి వచ్చిన ఉత్తరాలలో కోపం ఉంది, ఆవేదన ఉంది, నలుగురిలో నవ్వులపాలైన వారి బాధ కూడా ఉంది. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట వాటిని ఒక్కటిగా కలిపి, పేర్లు తీసివేసి జవాబులు ఇస్తున్నాను. జవాబుల్లోకి వెళ్లే ముందు నా వైఖరి చెప్పడం న్యాయం. ఒక మాట మరో మాటగా మారిపోయే పొరపాటు వేరు, ఒక ప్రాంతంవారు తరతరాలుగా పలుకుతున్న తీరు వేరు. మొదటిదాన్ని దిద్దుకోవాలి. రెండోదాన్ని దిద్దే హక్కు ఎవరికీ లేదు.

ప్రశ్న: ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. మా మనవరాలు 'కళ్లు మండుతున్నాయి' అనడానికి 'కల్లు మండుతున్నాయి' అంటుంది. టీవీలో వార్తలు చదివే అమ్మాయి 'వేల' అన్నదో 'వేళ' అన్నదో సందర్భాన్ని బట్టి ఊహించుకోవలసి వస్తోంది. 'ళ' ఇక మనకు దక్కదా? – సైదాబాద్ పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఆవేదనే నాది కూడా. అక్షరమాలలో ఒక అక్షరం తగ్గితే ఏమైందిలే అని ఊరుకోగలిగిన విషయం కాదిది, ఎందుకంటే తెలుగులో ఏకవచన బహువచనాల లెక్క చాలా మాటల్లో ఈ ఒక్క ధ్వని మీదే నిలబడి ఉంది. ఇల్లు అంటే ఒకటి, ఇళ్లు అంటే అనేకం. ముల్లు, ముళ్లు, విల్లు, విళ్లు కూడా అంతే. కాలు, వేలు అన్నవి కాళ్లు, వేళ్లు అయ్యేటప్పుడు కూడా నాలుక చోటు మార్చుకోవలసిందే. 'ల' పలికేటప్పుడు నాలుక కొన పైపళ్ల వెనుక చిగురును తాకుతుంది. 'ళ' పలికేటప్పుడు అదే కొన వెనక్కి మడతపడి అంగిలిని తాకుతుంది. ఆ మడత లేకపోతే 'మా కాలనీలో ఇల్లు కట్టారు' అన్న వాక్యంలో కట్టింది ఒక ఇంటినో, వంద ఇళ్లనో తెలియదు. ఇక కల, కళల సంగతి చెప్పనక్కరలేదు. 'పిల్లల్లో కళను ప్రోత్సహించండి' అని వేదిక మీద నుంచి చెప్పవలసినవారు 'కలను ప్రోత్సహించండి' అంటే, వినేవారు దాన్ని మరో సందేశంగా తీసుకుని ఇంటికి వెళ్తారు.

పిల్లల నాలుక మొండిది కాదు, దానికి పని దొరకడం లేదు. హైదరాబాద్‌లో చదివే పిల్లలు పగలంతా ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ మాటల మధ్య గడుపుతారు. ఇంగ్లీషులోగానీ, ప్రామాణిక హిందీ, ఉర్దూలలోగానీ 'ళ' లేదు. ఆపైన ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుంటారు కాబట్టి, ల, ళ రెండింటికీ ఒకటే అక్షరం కళ్ల ముందు కనిపిస్తుంది. ఇల్లు, ఇళ్లు రెండూ ఒకేలా రాసే బిడ్డ రెండింటినీ ఒకేలా పలకడంలో ఆశ్చర్యం లేదు.

నేర్పడానికి ఒక దారి చెబుతాను. 'ళ' అనే అక్షరాన్ని విడిగా పలికించే ప్రయత్నం చేయకండి, పిల్లలు విసుగుచెందుతారు. మీ మనవరాలు 'గుడి', 'బడి', 'తాడు' చక్కగా పలుకుతుంది కదా. 'డ' పలికేటప్పుడు ఆమె నాలుక అప్పటికే మడతపడి సరైన చోటికి చేరి ఉంటుంది. గుడి – గుళ్లు, బడి – బళ్లు, తాడు – తాళ్లు, గూడు – గూళ్లు అని జంటలుగా చెప్పించండి. నాలుకను ఆ చోటు నుంచి కదలనివ్వకుండా, గాలిని మాత్రం పక్కల నుంచి పోనిస్తే 'ళ' దానంతట అదే వస్తుంది. ఆ తర్వాత ఒక వేలు చూపించి 'వేలు' అనీ, చేయి మొత్తం తెరిచి 'వేళ్లు' అనీ అనిపించండి. బిడ్డ పొరబడినప్పుడు తప్పు అని చెప్పకుండా, మీరు సరిగ్గా పలికిన వాక్యంతో జవాబు ఇవ్వండి, చాలు.

వార్తలు చదివేవారి సంగతి వేరు. పలకడమే వారి ఉద్యోగం. వడ్రంగి చేతిలో ఉలి ఎంత పదునుగా ఉండాలో వార్తలు చదివేవారి నాలుక అంత పదునుగా ఉండాలని కోరడం అత్యాశ కాదు. అటువంటి పొరపాటు విన్నప్పుడు, ఏ కార్యక్రమంలో, ఏ మాట ఎలా వినిపించిందో వివరంగా ఆ సంస్థకు ఉత్తరం రాయండి. 'మీ భాష భ్రష్టుపట్టింది' అని రాస్తే ఎవరూ చదవరు. 'వేల అనవలసిన చోట వేళ అని వినిపించింది' అని రాస్తే ఎవరో ఒకరు దిద్దుకుంటారు.

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. కూకట్‌పల్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నేను 'ఇండ్లు', 'పండ్లు', 'కండ్లు' అంటే మా బృందంలో కొందరు నవ్వి, 'ఇళ్లు, పళ్లు అనాలి' అని దిద్దుతారు. ఒకసారి సమావేశంలోనే దిద్దారు. అప్పటి నుంచి ఆఫీసులో తెలుగు మాట్లాడడమే తగ్గించి ఇంగ్లీషులోనే నెట్టుకొస్తున్నాను. నా ఉచ్చారణ మార్చుకోవాలా? – కూకట్‌పల్లి పాఠకురాలు

జవాబు: మార్చుకోవద్దమ్మా. మీరు పలికేది తప్పు కాదు సరికదా, చరిత్రలో ముందుది కూడా. ఇల్లుకు బహువచనం మొదట 'ఇండ్లు'. కన్నుకు 'కండ్లు', ముల్లుకు 'ముండ్లు'. పలుకుబడిలో 'ండ్ల' కాలక్రమంలో 'ళ్ల' అయి, కృష్ణా గోదావరి జిల్లాల మాటలో స్థిరపడింది. తెలంగాణలోనూ, రాయలసీమలో చాలాచోట్లా పాత రూపమే నిలిచింది. పాత కావ్యభాషలో ఉన్నవీ ఈ 'ండ్ల' రూపాలే. తెలంగాణ ప్రభుత్వం గృహనిర్మాణ పథకానికి 'ఇందిరమ్మ ఇండ్లు' అని పేరు పెట్టి, ఉత్తర్వులలో అదే మాట వాడుతోంది. మీ సహోద్యోగులు దిద్దబోయింది పొరపాటును కాదు, ఒక ప్రాంతాన్ని.

పైన సైదాబాద్ పాఠకురాలికి ఇచ్చిన జవాబును ఒకసారి మళ్లీ చదవండి. 'ళ' పలకలేని పిల్లల నోట ఇల్లు, ఇళ్లు ఒకటైపోతున్నాయని అక్కడ బాధపడ్డాం. మీ ఇంట్లో ఆ చిక్కు పుట్టనే పుట్టదు. ఇల్లు – ఇండ్లు, ముల్లు – ముండ్లు అనే పిల్లలకు ఒకటెక్కడ, అనేకమెక్కడ అన్న అయోమయం ఉండదు. ఈ నగరంలో 'ళ' నిజంగానే పలచబడిపోతే, ఆ తేడాను కాపాడేది మీ పలుకే.

మీ సహోద్యోగులకు ఒక మాట చెప్పదలచుకున్నాను. 'వచ్చాడు', 'చేశాడు' అని మీరు రాస్తారు. పలికేటప్పుడు ఆ 'చా', 'శా'లలో వినిపించేది శుద్ధమైన 'ఆ' కాదు. ఆ, ఏల నడుమ ఉండే అచ్చు అది, 'బ్యాంకు' అనేటప్పుడు వచ్చేదాని వంటిది. దానికి మన అక్షరమాలలో విడిగా అక్షరమే లేదు. రాసింది ఒకటి, పలికేది ఒకటి అయినా మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేదు, పట్టనక్కరలేదు కూడా. ఆమె 'వచ్చిండు' అన్నప్పుడు రాతా పలుకూ అచ్చంగా ఒకటే. పత్రికలూ పాఠ్యపుస్తకాలూ సినిమాలూ చాలాకాలం ఒక ప్రాంతపు భాషనే వాడాయి కాబట్టి అది ప్రామాణికంగా వినిపిస్తోంది. వినికిడి అలవాటును వ్యాకరణమని పొరబడడం వల్లే ఈ నవ్వులు పుడుతున్నాయి. తెలంగాణలో ప్రతి సంవత్సరం సెప్టెంబరు 9న, కాళోజీ పుట్టినరోజున, భాషా దినోత్సవం జరుపుతారు. ఆ రోజున ఆఫీసులో ముగ్గులు వేయడంతో సరిపెట్టకుండా, పక్క కుర్చీలోని మనిషి మాట నవ్వకుండా వింటే సంతోషిస్తాను.

ఇక మీరు ఇంగ్లీషులోకి తప్పుకోవడం నన్ను నిజంగా బాధించింది. దయచేసి తిరిగి రండి.

ప్రశ్న: మా నాన్నగారు కూరగాయల వ్యాపారం చేసి మమ్మల్ని చదివించారు. ఆయన 'బాద', 'బూమి', 'దైర్యం' అంటారు, ఒత్తులు పలకరు. మా పిల్లలు ప్రతి మాటకూ 'తాతయ్యా, భూమి అనాలి' అని అడ్డుపడుతుంటే ఇప్పుడు వాళ్లతో మాట్లాడడమే తగ్గించేశారు. ఇక్కడ ఎవరిని దిద్దాలి? – రామంతపూర్ పాఠకుడు

జవాబు: పిల్లలనే. అయితే కారణం చెప్పి దిద్దండి.

చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం మొదట్లోనే వర్ణాల లెక్క చెబుతూ, సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 అని నిర్ణయించాడు. ఆ 36లో ఖ, ఘ, థ, ధ, ఫ, భ వంటి ఒత్తక్షరాలు లేవు. అంటే అచ్చతెలుగు మాటకు ఒత్తు పుట్టుకతో వచ్చినది కాదు, సంస్కృతం నుంచీ ఆ తర్వాత ఉర్దూ నుంచీ వచ్చిన మాటలతో పాటు వచ్చింది. బడికి వెళ్లి ఆ మాటలను అక్షరాలలో చూసినవారికి ఒత్తు అలవడింది. చెవితో విని నేర్చుకున్నవారు వాటిని తెలుగు నోటికి తగ్గట్టు మలుచుకున్నారు. మీ నాన్నగారి 'బూమి' సోమరితనం కాదు. భాష తన స్వభావం ప్రకారం చేసుకున్న మార్పు. మన ఊళ్లలో కోట్లాది మంది శతాబ్దాలుగా అలాగే మాట్లాడారు, అలాగే మాట్లాడుతున్నారు. ఆయన ఏ మాట అన్నా మీకు అర్థం కాకుండా పోయిందా? పోలేదు కదా. మరి అడ్డుపడడం దేనికి? పిల్లల చేత ఆయనను రోజూ ఏదో ఒకటి అడిగించండి. జవాబు చెబుతున్నప్పుడు మధ్యలో కల్పించుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

ఇలా దిద్దుతూ పోతే జరిగే కీడు ఇంకొకటి ఉంది. ఒత్తు లేకపోతే నవ్వుతారన్న భయం పట్టుకున్నవారు, అక్కరలేని చోట కూడా ఒత్తు పెట్టేస్తారు. కూడళ్లలో వేలాడే ఫ్లెక్సీలు చూడండి. 'సందర్భంగా' అన్నది 'సంధర్భంగా' అవుతుంది. 'బాధ్యత'లో వెనుక ఉండవలసిన ఒత్తు ముందుకు వచ్చి 'భాద్యత' అవుతుంది. 'సంబంధం' కాస్తా 'సంభందం', 'దీర్ఘం' కాస్తా 'ధీర్ఘం'. సారాయికి సంబంధించిన 'మద్యపానం', నడిమికి సంబంధించిన 'మధ్యపానం' అయి కూర్చుంటుంది. 'ఉచ్చారణ' అన్న మాటనే ఎందరో 'ఉచ్ఛారణ' అని రాసి, ఒత్తి పలుకుతారు. 'ఉచ్ఛ్వాస'లో 'శ' కలిసింది కాబట్టి అక్కడ ఛ వచ్చింది. 'ఉచ్చారణ'లో ఉన్నది కేవలం 'చారణ'. 'బాద' అన్న రైతు మాటలో ఒక ధ్వని తేలికపడింది, అంతే. 'భాద' అని అచ్చువేసిన చదువరి మాటలో భయం కనిపిస్తుంది. వినడానికి నాకు మొదటిదే హాయిగా ఉంటుంది.

అందరికీ ఇదే సడలింపు ఇస్తున్నానా అంటే, లేదు. సభలో మైకు ముందు నిలబడినవారు, బడిలో పాఠం చెప్పేవారు, వార్తలు చదివేవారు ఒత్తు తెలుసుకుని పలకాలి, ఎందుకంటే అక్కడ అర్థాలు తారుమారవుతాయి. బహుమతులు ఇవ్వడం 'ప్రదానం', ముఖ్యమైనది 'ప్రధానం'. 'అవార్డుల ప్రధానోత్సవం' అనేది ఏ ఉత్సవమూ కాదు. ప్రభుత్వం ప్రవేశపెట్టేది 'పథకం', క్రీడాకారిణి మెడలో వేసేది 'పతకం'. 'పధకం' అనే మాట లేనే లేదు. సగం అని చెప్పడానికి 'అర్ధం', భావం అని చెప్పడానికి 'అర్థం'. ఇక్కడ ఒక న్యాయమైన చిక్కు ఉందని ఒప్పుకోవాలి. థ, ధలకు తేడా పొట్టలోని చుక్క ఒక్కటే. బాగా చదువుకున్నవారు కూడా 'కథ'ను 'కధ' అనే పలుకుతారు. ఆ అలవాటు ఎంత లోతుకు పోయిందంటే, మామూలు సంభాషణలో దాన్ని పట్టుకుని కూర్చోవడం నాకు ఇష్టం ఉండదు. 'ఫలితాలు' సంగతీ అంతే. పెదవులు రెండూ కలిపి గాలి వదిలి పలకవలసిన ఫ, పైపళ్లు కింది పెదవిని తాకే 'కాఫీ'లోని ఫ అయిపోయింది. పరీక్ష ఫలితాలు చదివేవారి నోట మాత్రం పాత ఫ వినాలని ఇప్పటికీ కోరుకుంటాను.

ప్రశ్న: మా అబ్బాయి 'చాలు', 'చదువు', 'జడ' అన్న మాటలలో చ, జలను ఇంగ్లీషులో 'చైర్', 'జామ్' అన్నట్లు పలుకుతాడు. మా అత్తగారు 'వీడి తెలుగు వేరే దేశపు తెలుగులా ఉంది' అంటారు. అక్షరం ఒకటే అయినప్పుడు తేడా ఎలా చెప్పాలో తెలియడం లేదు. – మణికొండ పాఠకురాలు

జవాబు: మీ అత్తగారి చెవి సరిగ్గా పట్టుకుంది. తెలుగులో చ రెండు, జ రెండు. ఒకటి తాలవ్యం, అంటే నాలుక అంగిలికి ఆనగా వచ్చేది: చిలుక, చెట్టు, చేప, జీతం. రెండోది దంత్యం, అంటే నాలుక పళ్ల దగ్గర ఆనగా వచ్చేది: చలి, చాప, చుక్క, చొక్కా, జడ, జున్ను. రెండోదాన్ని చూపడానికి ౘ, ౙ అనే అక్షరాలు ఉన్నాయి. చిన్నయసూరి 36 వర్ణాలలో ఇవి కూడా ఉన్నాయి. ఇప్పటి వాడుకలో అవి కనిపించవు కాబట్టి, పుస్తకం చూసి తెలుగు నేర్చే బిడ్డకు ఈ తేడా తెలిసే దారి లేదు.

సూత్రం సులువే. తెలుగు మాటలలో ఇ, ఈ, ఎ, ఏల ముందు తాలవ్యం, అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓల ముందు దంత్యం. సంస్కృతం నుంచి వచ్చిన మాటలలో మాత్రం ఎక్కడైనా తాలవ్యమే: చంద్రుడు, చరిత్ర, జలం, జాతి. అందుకే అన్నంలో పోసుకునే చారు వేరు, అందమైన అనే అర్థంలో చారుశీల వంటి పేర్లలో వచ్చే చారు వేరు. ఈ రెండు చారులనూ వెంట వెంటనే పలికి చూపించండి, అబ్బాయికి వెంటనే తెలుస్తుంది. సూత్రం మాత్రం అతనికి చెప్పకండి, అది మీకోసం. అతనికి కావలసింది మీ అత్తగారు రోజూ ఏదో ఒక పని పురమాయిస్తూ మాట్లాడడం. 'చాప పరువు', 'చొక్కా తొడుక్కో', 'చన్నీళ్లు తాగకు' అన్న మాటలు అమ్మమ్మ, నానమ్మల నోట విన్న పిల్లలకు దంత్య చ నేర్పవలసిన అవసరమే రాదు.

ప్రశ్న: హైదరాబాద్ పేర్ల మీద మా ఇంట్లో రోజూ వాదన. 'చార్మినార్' సరైనదా, 'ఛార్మినార్' సరైనదా? 'కోఠి'ని పిల్లలు 'కోటి' అంటున్నారు. 'లక్డీకాపూల్' అనవచ్చా? – మలక్‌పేట పాఠకుడు

జవాబు: చార్మినార్ విషయంలో సందేహం లేదు. 'చార్' అంటే నాలుగు, 'మినార్' అంటే స్తంభం వంటి గోపురం. 1591 నాటి ఆ కట్టడం పేరులో ఒత్తు ఎక్కడా లేదు. మరి ఛ ఎందుకు వచ్చింది? పైన మణికొండ పాఠకురాలికి చెప్పిన విషయంలోనే దీని మూలం ఉందని నా అభిప్రాయం. చ పక్కన ఆ వస్తే తెలుగు నోరు దంత్యంగా చదువుతుంది. అలా చదవకుండా చూడడానికి రాసేవారు ఛ పెట్టారు. 'ఛానల్', 'ఛైర్మన్', 'ఛార్జీ' అన్నింటిలోనూ ఇదే జరిగింది. ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం లేని ఒత్తు. చార్మినార్ అనే రాయండి, తాలవ్యంగా పలకండి.

'కోఠి' మీద మాత్రం నేను కాస్త పట్టుదలగా ఉంటాను. కోఠి అంటే పెద్ద భవనం. బ్రిటిష్ రెసిడెంటు నివసించిన భవనాన్ని బట్టి ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. ఇంగ్లీషు బోర్డు చదివి 'కోటి' అనే పిల్లలకు ఆ భవనం ఒకసారి చూపించండి. నూరు లక్షలకూ ఆ చోటుకూ సంబంధం లేదని అర్థమవుతుంది. 'పేట'ను 'పేట్' అనడం కూడా బోర్డు చదువే. అమీర్‌పేట, బేగంపేట, మీ మలక్‌పేట, అన్నీ అచ్చుతో ముగిసే పేర్లు. ఆ చివరి 'అ'ను మింగేయడం నాకు నచ్చదు.

'లక్డీకాపూల్' దగ్గర సర్దుకుపోతాను. లక్డీ అంటే కర్ర, పుల్ అంటే వంతెన, కాబట్టి హ్రస్వమే మూలానికి దగ్గర. అయితే తెలుగువారి నోట పూల్ అని స్థిరపడింది. తెలిసినవారు పుల్ అనండి, బస్సులో కండక్టరును దిద్దకండి. పేర్లు నోళ్లలో అరగడం సహజం. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో పేరు పెట్టిన ఊరిని మనం సికింద్రాబాద్ అంటున్నాం, ఎవరికీ అభ్యంతరం లేదు. కోటను ఉత్తరాది వారు 'కిలా' అంటే ఇక్కడ 'ఖిలా' అంటారు. గొంతు లోతులో పుట్టే ఆ అరబ్బీ 'క'ను దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు 'ఖ'గా పలకడమే దీనికి కారణం. ఖిలా వరంగల్ అన్న పేరులో మనమూ ఆ పలుకుబడినే వాడుతున్నాం. పాతబస్తీలో వినిపించే ఆ 'ఖ'ను లక్నో ఉర్దూతో పోల్చి తక్కువచేయడం, 'ఇండ్లు'ను చూసి నవ్వడం, రెండూ ఒకే జాతి తప్పులు.

ప్రశ్న: 'బ్రహ్మ'ను 'బ్రమ్హ' అనీ, 'చిహ్నం'ను 'చిన్హం' అనీ అంటున్నాం. తప్పేనా? – తార్నాక పాఠకుడు

జవాబు: రాతలో హ ముందు, పలుకులో మ, న ముందు. తెలుగువారిలో చాలామందిది ఇదే తీరు. మంత్రం నేర్పే గురువు మరోలా పలకమంటే అక్కడ అలాగే పలకండి. మిగిలిన చోట్ల నిశ్చింతగా ఉండండి. 'కృష్ణ'ను మనం 'క్రుష్ణ' అని, ఉత్తరాదివారు 'క్రిష్ణ' అని పలకడం కూడా ఇటువంటిదే, రెండూ చెల్లుతాయి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ కాపలాదారు 'ఇస్కూలు', 'ఇస్టేషను', 'ఓటలు' అంటాడు. ఇంగ్లీషు మాటలను ఇలా పాడుచేయడం నాకు చిరాకు తెప్పిస్తుంది. – మియాపూర్ పాఠకుడు

జవాబు: అయ్యా, ఈ ఒక్క ఉత్తరంతో నేను గట్టిగా విభేదిస్తున్నాను. ఇంగ్లీషు మాట తెలుగులోకి వచ్చాక తెలుగు కట్టుబాట్లకు లోబడుతుంది. మీరు 'బస్సు', 'కారు', 'పెన్ను', 'రోడ్డు' అంటారు కదా, వాటి చివర ఆ 'ఉ' ఇంగ్లీషులో ఎక్కడిది? హల్లుతో మాట ముగియడం తెలుగు నోటికి పడదు కాబట్టి మీరు అచ్చు చేర్చారు. మాట మొదట్లో 'స్క', 'స్ట' పడని నోరు ముందు 'ఇ' చేర్చింది. రెండూ ఒకే పని. ఒకటి చదువుకున్నవారు చేశారు కాబట్టి ఒప్పు, మరొకటి కాపలాదారు చేశాడు కాబట్టి తప్పు అనడం భాష గురించిన తీర్పు కాదు. 'ఆసుపత్రి' కూడా ఇలా మారిన ఇంగ్లీషు మాటే, ఇవాళ ప్రభుత్వ బోర్డుల మీద ఉంది. మేస్త్రి, ఇస్త్రీ, తువాలు, అలమరా అన్నవి పోర్చుగీసు నుంచి వచ్చి, పోర్చుగీసువారు గుర్తుపట్టలేనంతగా మారి, మన ఇళ్లలో సొంత మాటలైపోయాయి. ఆయన మీకు తలుపు తీసి పలకరించినప్పుడు అక్షరాలు లెక్కపెట్టవద్దని వేడుకుంటున్నాను.

ప్రశ్న: మా కాలనీ వినాయక చవితి ఉత్సవాలలో మైకు పట్టుకునే కుర్రాడు ఎంతో ఉత్సాహవంతుడు. కానీ 'షుభాకాంక్షలు' అంటాడు, 'నిమర్జనం' అంటాడు. అతన్ని నొప్పించకుండా ఎలా చెప్పాలి? – వనస్థలిపురం పాఠకురాలు

జవాబు: ముందుగా 'నిమజ్జనం'. మునగడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చిన మాట ఇది. 'జ్జ' తప్ప అందులో ర-కారం ఎక్కడా లేదు. 'విసర్జనం' చెవిలో ఉండడం వల్ల ర వచ్చి చేరి ఉంటుంది. హుస్సేన్‌సాగర్ దారిపొడవునా కట్టే బ్యానర్ల మీద కూడా ఈ 'నిమర్జనం' కనిపిస్తుంది కాబట్టి కుర్రాడిని ఒక్కడినే తప్పుపట్టలేం.

శ, ష, సలకు ఒక గుర్తు ఉంది. ఏది ఏ హల్లుతో జతకడుతుందో చూడండి: నిశ్చయంలో శ పక్కన చ, కష్టంలో ష పక్కన ట, పుస్తకంలో స పక్కన త. నాలుకను చ దగ్గర ఉంచి గాలి వదిలితే శ, ట దగ్గర మడిచి వదిలితే ష, త దగ్గర పళ్లకు ఆనించి వదిలితే స. 'శుభాకాంక్షలు' చెప్పే ముందు అతను ఒకసారి 'నిశ్చయం' అని మనసులో అనుకుంటే నాలుక తన చోటికి వచ్చేస్తుంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమో కూడా చెప్పండి: సకలం అంటే అంతా, శకలం అంటే ముక్క. శంకరుడు అంటే శివుడు, సంకరం అంటే కలగలుపు. గణపతి తండ్రి పేరు మైకులో చెప్పేవాడికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

చెప్పవలసింది మాత్రం మైకు చేతిలో ఉన్నప్పుడు కాదు, ఉత్సవం ముగిశాక నలుగురిలోనూ కాదు. వచ్చే ఏడాది మండపం వేసే ముందు రోజున, ఆహ్వానం, సంకల్పం, వేలంపాట, నిమజ్జనం ప్రకటనలను మీరే పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఒకసారి మీ ఎదుట చదవమనండి. చదివేటప్పుడు తడబడిన మాటలు రెండు మూడుకు మించి ఉండవు. వాటి కింద మాత్రం గీత గీసి, కాగితం అతని దగ్గరే ఉంచుకోమనండి.